పరదేశమున విద్యార్థికి తొలి పలుకు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగ పాఠము)



గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన శుభసమయమున పుస్తకములను గూర్చి ప్రసంగించుట పరిపాటి. ఈ ప్రసంగము మాత్రము పుస్తకముతో గాక, దూరదేశమున వేఱొక గ్రంథాలయపు మెట్లమీద జరిగిన ఒక చిన్న సంఘటనతో ఆరంభమగుచున్నది.

1909వ సంవత్సరమున అమెరికాలోని న్యూయార్కు నగరమున, కొలంబియా విశ్వవిద్యాలయ గ్రంథాలయపు మెట్లపై హారీ ఎడ్మండ్స్ అను నతడు ఏదో పనిమీద పోవుచుండెను. ఆతడు వై.ఎం.సి.ఏ. సంస్థలో పనిచేయువాడు. ఎదురుగా చైనాదేశపు విద్యార్థి యొకడు వచ్చుచుండగా, ఎడ్మండ్స్ అలవాటు చొప్పున "శుభోదయము" అని పలుకరించి ముందుకు సాగెను. విద్యార్థి నిలిచిపోయెను. తాను న్యూయార్కు చేరి మూడు వారములైనదనియు, ఇంతవఱకు తనతో మాటలాడిన మొదటి మనిషి ఆయనయే యనియు చెప్పి, అందుకు కృతజ్ఞత తెలిపెను. ఎడ్మండ్స్ నాలుగడుగులు వేసెను గాని, ఆ మాట ఆయనను ముందుకు పోనీయలేదు. వెనుదిరిగి వచ్చి ఆ యువకునితో మాటలాడెను.

పల్లెటూరివారికి ఈ కథ వింతగా తోచును. మూడు వారములు కాదు, మూడు నిమిషములైనను మన రచ్చబండ దగ్గఱ క్రొత్తవాడు పలుకరింపు లేక నిలువజాలడు. "ఏ ఊరు నాయనా, ఎవరి తాలూకు?" అని ఎవరో ఒకరు అడిగితీరుదురు. ఆ ప్రశ్నలో కొంత ఆరా యున్నమాట నిజమే. దాని వెంట మంచినీళ్ల చెంబు కూడ వచ్చును. మహానగరమున ఆ ప్రశ్న వేయువాడు లేడు. ఒకరి జోలికి ఒకరు పోకుండుటయే అచట మర్యాద. తెలియనివానిని ప్రశ్నించుట మోటుతనమని యెంచుదురు. అందుచేత ఎవరికిని ద్వేషము లేకున్నను, అందఱును మంచివారే యైనను, వారి నడుమ ఒక యువకుడు మూడు వారములు మూగవాని వలె తిరుగుట సంభవించినది.

ఎడ్మండ్స్ ఇంటికి పోయి ఈ సంగతి భార్యతో చెప్పెను. ఆ దంపతులు ఆదివారపు సాయంకాలములందు పరదేశ విద్యార్థులను తమ యింటికి ఫలాహారమునకు పిలువసాగిరి. ఒకరిద్దఱితో మొదలైన పిలుపు క్రమముగా పెరిగి, నానాదేశ విద్యార్థుల సంఘముగా రూపొందెను. జాన్ డి. రాక్‌ఫెల్లర్ కుమారుని ధనసహాయముతో 1924లో న్యూయార్కునందు "ఇంటర్నేషనల్ హౌస్" అను విద్యార్థి భవనము వెలసెను. 1930లో బర్క్‌లీ నగరమునందును, 1932లో చికాగో నగరమునందును అట్టివే వెలసినవి. అమెరికా విద్యార్థులును పరదేశ విద్యార్థులును ఒకే కప్పుక్రింద నివసించి, ఒకే పంక్తిని భుజించుట ఆ భవనముల నియమము. ఇంతటి కార్యమునకు మూలము ఒక్క పలుకరింపు.

ఈ ప్రసంగమునందు చెప్పదలచిన సంగతి యిదే. పరదేశమునకు చదువుకొనుటకై వచ్చిన విద్యార్థికిని ఆ దేశపు ప్రజలకును పొత్తు కుదురవలె నన్నచో, మొదటి మాట స్థానికుని నోట రావలెను. విద్యార్థి నేర్వవలసినవి కూడ కొన్ని కలవు; కాని తలుపు లోపలనున్నవాడు గడియ తీయనిదే, వెలుపలనున్నవాడు ఎంత నేర్పరియైనను లోపలికి రాజాలడు.

ఈ విషయముతో ఒక గ్రామ గ్రంథాలయమున కేమి పని యని కొందఱికి సందేహము కలుగవచ్చును. 2023-24 విద్యాసంవత్సరమున అమెరికాలో చదువుచుండినవారును, చదువు ముగించి శిక్షణోద్యోగములందుండినవారును కలిసి భారతీయ విద్యార్థులు 3,31,602 మంది యని "ఓపెన్ డోర్స్" అను వార్షిక నివేదిక తెలుపుచున్నది. ఆ యేట భారతదేశము చైనాను దాటి మొదటి స్థానము నందుకొనెను. వారిలో తెలుగు బిడ్డలు చాలమంది కలరు. పొలము తాకట్టుపెట్టియో, బ్యాంకులో అప్పుచేసియో పంపిన తల్లిదండ్రులు పల్లెలందే యున్నారు. కావున దూరదేశపు మెట్లమీద పలుకరింపు లేక నిలిచిన ఆ విద్యార్థి, రేపు ఈ వీథిలోని బిడ్డయే కావచ్చును.

ఇట్టి ఒంటరితనము పేదవారికో, తెలివితక్కువవారికో మాత్రమే కలుగునని తలంపరాదు. మహాత్మా గాంధీగారు పందొమ్మిదేండ్లు నిండక పూర్వమే, 1888 సెప్టెంబరులో, న్యాయశాస్త్ర విద్యకై లండనునకు ఓడనెక్కిరి. అచ్చటి మూడేండ్ల జీవితమును ఆయన తమ ఆత్మకథయందు దాపరికము లేక వ్రాసియున్నారు. లండను చేరిన క్రొత్తలో ఆయనను కలిసికొన్న డాక్టరు ప్రాణజీవన్ మెహతాగారు ఒక హితవు చెప్పిరి. ఇంగ్లండునకు వచ్చుట చదువుకొఱకు మాత్రమే కాదు, ఆ ప్రజల జీవితమును ఆచారములను తెలిసికొనుట కూడ ముఖ్యమనియు, అందులకు హోటలు విడిచి ఒక కుటుంబముతో నుండవలెననియు ఆ హితవు సారాంశము. నేటి విద్యార్థికిని ఇంతకంటె మంచి సలహా దొరకదు.

అయితే ఒక కుటుంబముతో నున్నంతమాత్రమున పొత్తు కుదురునా? గాంధీగారు తల్లికిచ్చిన మాటచొప్పున మాంసము ముట్టరు. ఉప్పుకారములు లేని ఉడికిన కూరలు ఆయనకు సయించలేదు. ఆ యింటి యాడపిల్లలు ఆయనకు రొట్టెముక్కలు ఒకటి రెండు అధికముగా వడ్డించుచుండిరి. మొత్తము రొట్టె యంతయు పెట్టినగాని ఆయన ఆకలి తీఱదని వారెఱుగరు. ఇంకను కావలెనని అడుగుటకు ఆయనకు మొగమోటమి. "అడగనిదే అమ్మయినా పెట్టదు" అని మన సామెత. పెట్టువారికి మనసున్నది, తినువానికి ఆకలి యున్నది. నడుమ మాట లేదు. పరదేశ విద్యార్థి కష్టములలో పెక్కింటి స్వరూప మిదియే.

తరువాత గాంధీగారు ఆంగ్లేయులలో కలిసిపోవలెనని వేఱొక మార్గము త్రొక్కిరి. పొడుగు టోపీ కొనిరి, సాయంకాలపు దుస్తులు కుట్టించిరి. నాట్యము నేర్చుకొనుటకు మూడు పౌండ్లు చెల్లించిరి. తాళము చెవి కెక్కకపోగా, సంగీతమునందు అభిరుచి కలుగుటకై మఱి మూడు పౌండ్లు పెట్టి వాయులీనమును కొనిరి. సుమారు మూడు నెలలలో ఆ భ్రమ తొలగిపోయెను. తాను ఇంగ్లండులో జీవితకాల ముండబోవుట లేదుగదా, ఈ నాట్యములు నేర్చి యేమి ప్రయోజనమని తమ్ము తామే ప్రశ్నించుకొని, వాయులీనమును అమ్మివేయించిరి. వేషము మార్చుకొనుటచే స్నేహము కుదురదని ఆయన కాసులు చెల్లించి నేర్చుకొనిరి.

మఱి స్నేహము కుదిరిన దెట్లు? బ్రైటను అను సముద్రతీరపు పట్టణమున ఒక హోటలులో గాంధీగారు భోజనపు బల్ల ముందు కూర్చుండిరి. భోజనపట్టిక ఫ్రెంచి భాషలో నుండెను. ఏది తినదగినదో తెలియక ఆయన తికమక పడుచుండగా, అదే బల్లవద్ద కూర్చున్న ఒక వృద్ధ వితంతువు గమనించి, తానే పలుకరించెను. పట్టిక చదివి మాంసము లేని పదార్థము లెవ్వియో చెప్పెను. అంతటితో విడువక, లండనులోని తన చిరునామా ఇచ్చి, ప్రతి ఆదివారము తన యింటికి భోజనమునకు రమ్మని పిలిచెను. ఆయన సిగ్గు పోగొట్టుటకై ఇంటికి వచ్చిన యువతులను పరిచయము చేసి మాటలాడించుచుండెను.

ఆ కాలమున ఇంగ్లండులోని భారతీయ విద్యార్థులు పెండ్లియైన సంగతి దాచియుంచెడివారు. గాంధీగారును అట్లే దాచిరి. ఆ వృద్ధురాలు తనను ఒక యువతితో ఎక్కువగా కలుపుచున్నదని గ్రహించిన పిమ్మట, తనకు వివాహమైనదనియు, ఒక కుమారుడు కూడ కలడనియు, ఇంతకాలము దాచినందుకు క్షమింపుమనియు ఆమెకు జాబు వ్రాసిరి. ఇక ఆ యింటి తలుపు మూసికొనునేమో యని భయపడిరి. ఆమె కోపగింపక, ఆ జాబు చదివి నవ్వుకొంటిమని వ్రాసి, ఆదివారపు భోజనమునకు తప్పక రావలెనని మరల పిలిచెను. ఆత్మకథలో ఆమె పేరు లేదు. కాని బెదరుపాటు గల ఒక పరదేశ బాలునికి నిజము చెప్పు ధైర్యము కలిగించిన యిల్లు అది.

ఆమె చేసినదానిని మూడు భాగములుగా చూడవచ్చును. మొదటిది, ఎదుటివాని తికమకను కనిపెట్టుట. రెండవది, అడుగక పూర్వమే పలుకరించుట. మూడవది, పిలుపునకు దినము నిర్ణయించుట. "ఎప్పుడైన రమ్ము" అని ఆమె యనలేదు. "ప్రతి ఆదివారము రమ్ము" అనెను. ఈ మూడవదే మిక్కిలి ముఖ్యమైనది. "ఎప్పుడైన" అను పిలుపును పట్టుకొని క్రొత్తవాడు ఏ యింటి తలుపు తట్టగలడు? దినము, వేళ చెప్పి పిలిచినదే పిలుపు. ఒక్కసారి పిలిచి విడుచుట మర్యాద. మరల పిలుచుట స్నేహము.

ఇంకొక మార్గము కూడ ఆయనకు తెఱవబడెను. ఆకలితో ప్రతిదినము మైళ్లకొలది నడచి శాకాహార భోజనశాలలు వెదకుచు, ఫారింగ్డన్ వీథిలో ఒకదానిని కనుగొనిరి. అచ్చట హెన్రీ సాల్ట్ రచించిన శాకాహార సమర్థన గ్రంథమును ఒక షిల్లింగునకు కొనిరి. క్రమముగా శాకాహార సంఘమున చేరి, దాని కార్యవర్గ సభ్యులైరి. తాము నివసించిన బేస్‌వాటర్ ప్రాంతమున ఒక చిన్న శాకాహార సమాజమును స్థాపించి, భగవద్గీతను ఆంగ్లపద్యములలోనికి మార్చిన సర్ ఎడ్విన్ ఆర్నాల్డును దానికి ఉపాధ్యక్షునిగా ఆహ్వానించిరి. తాము కార్యదర్శిగా పనిచేసిరి. మూడు నెలల నాట్యపు మోజు చేయలేని పనిని, సమానమైన అభిరుచిగల మనుష్యులతో కలిసి చేసిన పని చేసెను. అంతకుముందు వేషము మార్చి వారివలె నుండుటకు యత్నించిరి. ఇప్పుడు తానుగా నుండియే వారిలో నొకడైరి.

ఆ కాలముననే ఇద్దఱు దివ్యజ్ఞాన సమాజ మిత్రులు తమతో కలిసి గీత చదువుమని ఆయనను కోరిరి. అంతవఱకు తాను గీతను చదివియుండలేదని చెప్పుటకు ఆయన సిగ్గుపడిరి. తన యింటి గ్రంథమును పరాయి దేశమున, ఆ దేశస్థుల తోడ్పాటుతో చదువుకొనిరి. స్థానికులతో కలియుటచే తన సంస్కృతి పోవునని భయపడు తల్లిదండ్రులు ఈ విషయమును గమనింపవలెను.

అతిథిని జూచి ఇంటివారు భయపడుటయు కలదు. 1878లో రవీంద్రనాథ ఠాకూరుగారు పదునేడేండ్ల ప్రాయమున ఇంగ్లండునకు పోయి, లండనులో స్కాట్ అను వైద్యుని యింట కొంతకాలము నివసించిరి. భారతీయుడు వచ్చుచున్నాడని విని ఆ యింటి చిన్న కుమార్తె లిరువురు భయపడి బంధువుల యింటికి వెడలిపోయిరి. వచ్చినవాడు ప్రమాదకరుడు కాడని తెలిసిన తరువాతనే వారు తిరిగివచ్చిరట. ఈ సంగతిని రవీంద్రులే తమ జీవనస్మృతులయందు హాస్యముగా వ్రాసిరి. కొలది కాలమునకే ఆయన ఆ యింటి బిడ్డవంటివాడైరి. స్కాట్ గృహిణి కన్నతల్లివలె చూచుకొనెను. ఆయన స్వదేశమునకు బయలుదేఱునపుడు ఆమె చేతులు పట్టుకొని కంటతడి పెట్టెను. భయమును పోగొట్టినది ఉపన్యాసము కాదు; ఒకే బల్లవద్ద దినదినమును కలిసి చేసిన భోజనము.

కాని అన్నిచోట్ల ఇంత సులభముగా జరుగదు. 1930లో ప్రారంభమైన బర్క్‌లీ విద్యార్థి భవనమునకు ఎడ్మండ్స్ ఎంచిన స్థలము పీడ్మాంట్ వీథి. ఆ వీథిలో విద్యార్థి సంఘముల వసతిగృహము లుండెను. పరదేశీయులకును, నల్లవారికిని వానియందు ప్రవేశము లేదు. వారిని దూరముగా నుంచు చోటనే భవనము కట్టవలెనని ఆయన పట్టుబట్టెను. వేర్వేఱు వర్ణముల యువతీయువకులు ఒకే భవనమున నుండుట తగదని నిరసించుటకు ఎనిమిది వందలకు పైగా జనము సభచేసిరి. డెలిలా బీస్లీ అను నల్లజాతి పత్రికా రచయిత్రి ఆ భవనమును సమర్థించెను. తుదకు భవనము లేచెను. పరదేశ విద్యార్థిని ఆదరించుట అనగా కాఫీ ఇచ్చి పంపుట మాత్రమే కాదనియు, ఒక్కొక్కప్పుడు తన యిరుగుపొరుగు వారికి ఎదురు నిలువవలసి వచ్చుననియు దీనివలన తెలియుచున్నది.

తెలుగువారి యింట పుట్టి భారత రాష్ట్రపతియైన వరాహగిరి వెంకటగిరిగారి విద్యార్థి జీవితము మఱియొక పాఠము నేర్పును. బరంపురమునందు జన్మించిన గిరిగారు 1913లో న్యాయశాస్త్రము చదువుటకు ఐర్లండులోని డబ్లిను నగరమునకు పోయిరి. నాడు ఐర్లండు కూడ ఆంగ్లేయుల పాలనయం దుండెను. తాము కోరుకొను స్వాతంత్ర్యమునే కోరుకొను ప్రజలు ఎదురుపడగా, గిరిగారు పరాయివారుగా నుండలేకపోయిరి. ఐరిష్ స్వాతంత్ర్యోద్యమము ఆయనను మిగుల ఆకర్షించెను. 1916లో డబ్లినునందు తిరుగుబాటు చెలరేగినది. ఆ యేటనే ఆయన స్వదేశమునకు తిరిగివచ్చిరి. పిమ్మట కార్మికోద్యమమునకు నాయకులైరి. గాంధీగారిని లండనులో కలిపినది ఆహార నియమము. గిరిగారిని డబ్లినులో కలిపినది స్వాతంత్ర్యేచ్ఛ. పొత్తునకు దారి చిన్నదైనను పెద్దదైనను, ఇరువురికిని ఉమ్మడిదై యుండవలెను.

ఇక విద్యార్థి తనవంతుగా నేర్వవలసినదానిని విచారింతము. తెలుగు బిడ్డకు వెంటవచ్చు సామానులలో తూకము వేయనిది మొగమోటమి. మన యిండ్లలో అతిథి మొదట "వద్దు" అనును. గృహిణి వినిపించుకొనక వడ్డించును. అతడు మరల "చాలు చాలు" అనును. ఆమె మఱి యొక గరిటె వేయును. ఈ "వద్దు"లో కొంత "కావలెను" కలదని ఉభయులకు తెలియును. అమెరికాలోను, ఇంగ్లండులోను వద్దన్నచో వద్దనియే అర్థము. ఆ యింటివారు వెంటనే పాత్ర తీసివేయుదురు. అది అనాదరము కాదు. అతిథి మాటకు ఇచ్చిన గౌరవము. ఈ భేదము తెలియక మన విద్యార్థి ఆకలితో లేచి వచ్చి, "వారికి పెట్టు మనసు లేదు" అని తలంచును. వారేమో, "ఈతనికి మన వంట రుచింపలేదు" అని తలంచుదురు.

అట్లే "ఎట్లున్నారు?" అని అడిగి, సమాధానము వినుటకు ఆగక సాగిపోవువారిని జూచి మన పిల్లలు నొచ్చుకొందురు. అది మనము దారిలో "భోజనమైనదా?" అని అడుగుటవంటిది. అడిగినవాడు వడ్డించుటకు రాలేదు, కాని పలుకరించినాడు. ఆ పలుకరింపును పట్టుకొని ఇంకొక మాట కలుపుట విద్యార్థి నేర్వవలసిన విద్య. "నోరు మంచిదైతే ఊరు మంచిదగును" అను సామెత పాస్‌పోర్టు అక్కఱ లేకయే అన్ని దేశములకును చెల్లును.

నేటి విద్యార్థికి మఱియొక చిక్కు కలదు. చైనా విద్యార్థి నాటి మూడు వారముల మౌనము నేడు పైకి కానరాదు. చేతిలోని ఫోనునందు అమ్మ ముఖము కనబడును. గదిలో నలుగురు తెలుగువారే యుందురు. పప్పు, చారు అచ్చటనే వండుకొందురు. ఇది తప్పుగాదు. క్రొత్త దేశమున తనవారి నీడ ఎంతైన అవసరము. 1920లోనే కె.టి. పాల్‌గారు లండనులో భారతీయ విద్యార్థులకై వై.ఎం.సి.ఏ. వసతిగృహమును స్థాపించుటకు ఇట్టి అవసరమే కారణము. కాని నీడ వేఱు, గోడ వేఱు. రెండేండ్లు ఆ దేశమున నుండి, ఆ దేశస్థుని యింటి గడప ఒక్కసారియైన త్రొక్కక తిరిగివచ్చు విద్యార్థి పట్టా తెచ్చుకొనును గాని దేశమును చూచినవాడు కాడు. పైగా ఇంటి యజమానితో తగవు వచ్చినను, జబ్బు చేసినను, తప్పుడు ఉద్యోగపు మాటలతో ఎవరైన మోసగింపజూచినను, ఆ ఊరి మర్యాద తెలిసి నిజము చెప్పగల స్థానికుడొకడు తెలిసియుండుట ఎంతో రక్ష.

దీనికి దారులు లేకపోలేదు. అమెరికా, కెనడా పట్టణములందలి పౌర గ్రంథాలయములు అనేకము క్రొత్తగా వచ్చినవారికొఱకు సంభాషణ కూటములను రుసుము లేక నడుపుచున్నవి. స్థానికు లొకరిద్దఱు, పరదేశీయులు పదిమంది ఒక బల్లచుట్టు చేరి గంటసేపు మాటలాడుకొందురు. తప్పులు మాటలాడుటకు సిగ్గుపడనక్కఱలేని చోటు అది. అమెరికాలో విద్యార్థి చదువుకాలమునందు విశ్వవిద్యాలయపు ఆవరణలోనే వారమునకు 20 గంటల వఱకు పనిచేయుటకు నిబంధనలు అనుమతించును. గ్రంథాలయమునందో భోజనశాలయందో ఒక స్థానికునితో కలిసి పనిచేసిన పరిచయము, పది సన్మానసభల పరిచయముకంటె గట్టిది. క్రికెట్టు ఆడువాడు ఆటస్థలమునకును, పాడువాడు గానబృందమునకును, వంట తెలిసినవాడు ఉమ్మడి వంటశాలకును పోవలెను. గాంధీగారికి ఒక భోజనశాల చేసిన మేలు వీరికి అవి చేయును.

ఇంటనున్న తల్లిదండ్రులును తోడ్పడవచ్చును. ఫోనులో "తిన్నావా, చదివావా, పని దొరికినదా" అని అడుగుటతో బాటు, "ఈ వారము ఆ ఊరివారెవరితోనైన మాటలాడినావా?" అని కూడ అడుగవలెను. ఆ ప్రశ్న అడిగిన యింటి బిడ్డ, సమాధానము చెప్పుటకైనను ఒకరిని పలుకరించును.

ఇంతవఱకు మన బిడ్డలు పరాయి మెట్లమీద నిలుచుటను గూర్చి చెప్పుకొంటిమి. ఇప్పుడు మన మెట్లను చూచుకొనవలెను. 1950లో ఏర్పడిన భారత సాంస్కృతిక సంబంధాల మండలి ఇచ్చు విద్యార్థివేతనములతోను, సొంత ధనముతోను, ఆఫ్రికా, పశ్చిమాసియా మున్నగు ప్రాంతముల యువతీయువకులు మన దేశమునకు చదువుకొనుటకు వచ్చుచున్నారు. హైదరాబాదులోని ఉస్మానియా విశ్వవిద్యాలయమునందును, ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయమునందును, విశాఖపట్టణమునందలి ఆంధ్ర విశ్వవిద్యాలయమునందును అట్టివారు కలరు. వారికి అద్దె యిల్లు సులభముగా దొరకుచున్నదా? వారి మేనిరంగును జూచి వీథిలో నవ్వువారు లేరా? వారిలో ఎందఱు ఒక తెలుగు ఇంట విస్తరిముందు కూర్చుండిరి? అమెరికాలో మన బిడ్డకు ఏ ఆదరణ కావలెనని ప్రార్థింతుమో, ఆ ఆదరణను ఇచట ఎవరి బిడ్డకైన చేసిననే ఆ ప్రార్థనకు అర్హత కలుగును.

ఈ కార్యమునకు గ్రంథాలయము తగిన చోటు. 1935లో పాతూరి నాగభూషణంగారు కృష్ణా కాలువపై పడవ గ్రంథాలయమును నడిపినపుడు, చదువరి వచ్చునందాక పుస్తకము బీరువాలో కూర్చుండలేదు. పుస్తకమే పడవనెక్కి రేవు రేవునకు పోయి చదువరిని పలుకరించినది. ఆంధ్రదేశపు గ్రంథాలయోద్యమము నేర్పిన మర్యాద అదియే. ముందడుగు వేయవలసినవాడు, ఇచ్చుటకు తనవద్ద ఏమైన గలవాడు.

రజతోత్సవ సంవత్సరమున ఈ గ్రంథాలయము ఒక చిన్న పనికి పూనుకొనవచ్చును. నగరమున చదువుకొను పరదేశ విద్యార్థులలో ఇద్దఱిని, ఎక్కువమంది కాదు, ఇద్దఱినే, రాబోవు సంక్రాంతికి పేరుపెట్టి, దినము చెప్పి పిలువవలెను. వేదికపై కూర్చుండబెట్టి దండలు వేసి పంపినచో ఫలము లేదు. ఇద్దఱిని రెండిండ్లలో బసచేయించవలెను. వారి పేర్లు సరిగా పలుకుట పిల్లలకు ముందుగా నేర్పవలెను. వారు తినునవి, తినరానివి అడిగి తెలిసికొనవలెను. ముగ్గుపిండి చేతికిచ్చి, గొబ్బెమ్మ పెట్టించి, పనిలో పాలుపంచవలెను. సాయంకాలము ఈ గ్రంథాలయమునందు వారి ఊరి సంగతులు వారిచేతనే చెప్పించవలెను. ఇంటికి పోవునపుడు ఉగాదికి మరల రమ్మని అప్పుడే పిలువవలెను. ఆ రెండవ పిలుపు మఱవరాదు.

దీనికి కావలసినది పెద్ద ధనము కాదు. 1909లో ఎడ్మండ్స్ వెచ్చించినది ఒక్క మాట. బ్రైటనులోని వృద్ధురాలు వెచ్చించినది ఒక భోజనపట్టికను చదివినంతసేపు. ఈ గ్రంథాలయమునకు ఎన్ని మెట్లున్నవో చందాదారులందఱకు తెలియును. ఆ మెట్లమీద క్రొత్తవాడెవ్వడైన నిలిచినపుడు, లోపలనుండి ఒకరు లేచి వచ్చి, "ఏ ఊరు నాయనా, లోనికి రమ్ము" అనుట ఈ గ్రంథాలయపు అలవాటు కావలెను. దూరదేశమున ఇట్టి మెట్లమీద నిలిచిన మన బిడ్డకును అట్టి పలుకు వినబడుగాక.

స్వస్తి.